అరవై వేల ఎండ

బల్లార్షాల మే నెల.
తారు చెప్పుకంటుకుంటే వదలదు.
ఇంత ఎండున్న ఊర్ల
ఎండను గోలీలు చేసి అమ్ముకొని బతుకుతున్న,
స్టేషన్ రోడ్డు మెడికల్ షాపుల, కౌంటరుకివతల.

నిజమే, ఇక్కడ ఎక్కువ పోయే సరుకు అదే.
బాయిల దిగినోళ్లు, మిల్లుల రాత్రి షిఫ్టోళ్లు,
పొద్దు ఎనిమిదికే కిటికీలు మూసుకునే మేమందరం.
సూర్యుడు నెత్తి మీదనే కాపురముంటడు,
బొక్కలల్లకు మాత్రం చుట్టపుచూపుకైనా రాడు.

ఓదెలు తాత ముప్పై ఒక్క ఏండ్లు భూమి కడుపుల ఉన్నడు.
ఎండంటే నాగా పడ్డ రోజు కనబడే వస్తువు.
రిటైరైనంక తొంటి నొప్పి, నడుము నొప్పి.
కుర్చీల నుంచి లేద్దామంటే తొడలు మాటినవు.
చంద్రపూర్ డాక్టరు రక్తం చూసి
అంకె కింద రెండు గీతలు గీసి చెప్పిండట:
అరవై వేలు. ఆఠవడ్యాలా ఏక్. ఆఠ్ ఆఠవడే.

రెండో నెలల తాత షాపుకొచ్చిండు.
మూడు మెట్లు, కట్టె లేకుండ.
"గోలి గాదు బిడ్డా, ఇది పగలు" అన్నడు.
నాకు సంబరమైంది. ఇంకో స్ట్రిప్పు ఇచ్చిన.
చీటీ అడగలేదు.
రెండోసారి రాస్తున్న: చీటీ అడగలేదు.

తర్వాత కొమురమ్మ వచ్చి రెండు కొన్నది, ఇంకోసారి మూడు.
ఇంట్ల, అల్లుడు మంచిర్యాల నుంచి తెచ్చిన డబ్బా,
పక్కింటి షిండే మాస్తరు ఇచ్చిన పాలపొడి.
అన్నిట్ల అదే.
రంగు రంగుల సంచులల్ల ఒకే మిల్లు బియ్యం.

జూన్ల దాహం మొదలైంది.
కుండ ఖాళీ అయితది, నాలుక తడవదు.
నాలుగొద్దులు కడుపు కదల్లేదు. అన్నం వాసనకే వాంతి.
ఒక రాత్రి కొమురమ్మను
"ఎవరు నువ్వు?" అని మరాఠీల అడిగిండట.
రక్తంల సున్నం ఎక్కువైందన్నరు.
పాన్ల ఎక్కువైతే నోరే పొక్కుతది, ఇది మనిషినే పొక్కిచ్చె.
ఆరు దినాలు సెలైను. కిడ్నీలు దక్కినయి.

నేను నేరాన్ని భాష మీదికి నెట్టిన.
ఆఠ్ అంటే ఎనిమిది, ఆఠవడా అంటే వారం,
తెలుగుల అయిదు చదివిన ముసలాయన
ఆ రెండింటి నడుమ తప్పిపోయిండని నర్సుకు చెప్పిన.
మంచం మీదికెల్లి తాత నవ్విండు.
"సమజైంది బిడ్డా, వారానికొకటని ఎర్కే.
ఒక్కదానికే ఇట్ల లేస్తే
రోజొకటైతే మళ్ల బాయిల దిగుతననుకున్న."

తాత ఇంటికి రాకముందే కత ఇల్లిల్లు తిరిగింది.
అంగన్వాడీ ఇచ్చిన ఎర్ర గోలీలు మోరీల తేలినయి.
శశికళకు అయిదో నెల,
రెప్ప లోపల సున్నమేసిన గోడ లెక్క తెలుపు.
"వద్దక్కా, ఓదెలు తాతకైనట్టయితది."

ఏం చెప్పాలె?
గోలీకే గాదు, భయానిక్కూడ మోతాదు తప్పింది.
తూకం రాయి పక్కనున్న అద్దం తెచ్చి
ఆమె రెప్ప ఆమెకే చూపిన.
"తాతది వేరే గోలి, వేరే లెక్క.
ఇది నీకు గావాలె. రోజొక్కటే, రెండు గాదు.
చాయ్ మీద వెయ్యకు.
దొడ్డికి నల్లగైతది, జడుసుకోకు."
తీసుకపోయింది.
మింగుతున్నదో లేదో, పైట చెంగుల ముడి దాకనే నాకు తెలుసు.

ఇప్పుడు స్ట్రిప్పుల మీద తెలుగుల రాస్తున్న.
షాపు సేటుకు నచ్చదు, పెన్ను ఖర్చంటడు.
చదువు రానోళ్లకు ఒక సూర్యున్ని గీసి
పక్కన ఆరు సున్నలు పెడుత.

నిన్న పొద్దున తాత మెట్ల మీద కూసున్నడు,
చొక్కా చేతులు మలుసుకొని, నరాలు తేలిన చేతులు ఎండకిచ్చి.
"బిడ్డా, మళ్ల తొంటి గుంజుతుంది. ఒక్కటియ్యి,
ఒక్కటంటే ఒక్కటే" అన్నడు.

డబ్బా నా చేతికందేంత దూరంలనే ఉన్నది.
అద్దం బీరువకు తాళమేసి,
చెయ్యి చాపిన.
"చీటీ ఏది తాతా?"